వైఫై గుర్తు నిండుగానే ఉంది, నెట్ మాత్రం లేదు

గండికోటలో పెన్నా లోయ అంచుకు వెళ్లే దారిలో ఒక టచ్ తెర కియోస్క్ పెట్టారనుకుందాం. వేలు ఆనిస్తే మాధవరాయ ఆలయం వీడియో వస్తుంది, ధాన్యాగారం ఫొటోలు వస్తాయి, జామియా మసీదు గురించి తెలుగులో ఒక గొంతు చెబుతుంది. అడుగున "ఈరోజు వాతావరణం" అని ఒక బటన్. మే నెల మధ్యాహ్నం కరెంటు పోయి పది నిమిషాలకు వచ్చింది. కంప్యూటర్ యూపీఎస్ మీద ఉంది కాబట్టి ఆగలేదు. రూటర్ మళ్లీ లేచింది, వైఫై గుర్తు నిండుగా కనిపిస్తోంది. సాఫ్ట్‌వేర్ ఆ గుర్తును నమ్మి వాతావరణం పేజీ తెరిచింది. తెల్లటి తెర, మధ్యలో గిరగిరా తిరిగే చక్రం. ఎండలో నిలబడ్డ మనిషి రెండుసార్లు నొక్కి చూసి వెళ్లిపోతాడు. అతనికి చూపించాల్సిన వీడియోలన్నీ ఆ పెట్టెలోని డిస్క్‌లోనే ఉన్నాయి. వాటికి నెట్‌తో పనే లేదు.

ఇలాంటి వైఫల్యం సాధారణంగా రూటర్‌ది కాదు, కరెంటుదీ కాదు. సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు కంప్యూటర్‌ను తప్పు ప్రశ్న అడగడం వల్ల వస్తుంది. "నెట్ ఉందా" అన్న ఒక్క మాటలో ఏడు ప్రశ్నలు ఇమిడి ఉన్నాయి. కేబుల్ గానీ వైఫై గానీ తగిలిందా? కంప్యూటర్‌కు ఐపీ చిరునామా దొరికిందా? రూటర్ అవతలికి దారి ఉందా? సైటు పేరును అంకెల చిరునామాగా మార్చే డీఎన్‌ఎస్ పలుకుతోందా? మధ్యలో ఏదైనా లాగిన్ పేజీ అడ్డం నిలబడిందా? మనకు కావాల్సిన సర్వర్ లేచి ఉందా? అన్నీ ఉన్నా, మన పనికి చాలినంత వేగం ఉందా? ఆపరేటింగ్ సిస్టమ్ చాలాసార్లు మొదటి రెండు ప్రశ్నలకే జవాబు చెప్పి ఊరుకుంటుంది. మల్టీమీడియా సాఫ్ట్‌వేర్‌కు నిజంగా కావాల్సింది చివరి రెండూ.

కరెంటు వచ్చాక జరిగేదే చూడండి. ఫైబర్ కనెక్షన్ పెట్టెలో వైఫై భాగం ముందు లేస్తుంది. కాంతి సంకేతం కుదురుకొని, కంపెనీ వైపు నుంచి లాగిన్ పూర్తయి, బయటి దారి తెరుచుకోవడానికి ఆ తర్వాత ఇంకొంత సమయం పడుతుంది. బయట ఎక్కడో తీగ తెగి పెట్టె మీద ఎర్ర లైటు వెలుగుతుంటే ఆ సమయం గంటలకో రోజులకో సాగుతుంది. ఆ కాలమంతా కంప్యూటర్ దృష్టిలో అంతా సవ్యమే: వైఫై ఉంది, రూటర్ ఐపీ ఇచ్చింది. రూటర్ ఐపీ ఇవ్వలేకపోతే మాత్రం విండోస్ తనంతట తాను 169.254తో మొదలయ్యే చిరునామా తీసుకుంటుంది. ఆ అంకె కనిపిస్తే రూటర్ దగ్గరే ఆగిపోయామని అర్థం. సర్వీసుకు వెళ్లిన మనిషికి ఇది చాలా పనికొచ్చే గుర్తు.

సిస్టమ్ చెప్పే జవాబుకు ఉన్న విలువ

బ్రౌజర్ ఇంజిన్ మీద నడిచే ప్యాకేజీల్లో (వీడియోలు, పాఠాలు కలిపి కట్టిన మల్టీమీడియా సాఫ్ట్‌వేర్‌లో) అందరూ మొదట పట్టుకునేది, నెట్ ఉందో లేదో చెప్పే నావిగేటర్.ఆన్‌లైన్ అనే గుణాన్ని. అది "లేదు" అంటే నమ్మవచ్చు. "ఉంది" అంటే నమ్మకూడదు. ఏదో ఒక నెట్‌వర్క్ తగిలి ఉంటే చాలు, అది ఉందనే అంటుంది. కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను నడిపే వర్చువల్‌బాక్స్ లాంటివి ఉన్నచోట ఎప్పుడూ "కనెక్ట్ అయి" ఉండే ఉత్తుత్తి నెట్‌వర్క్ కార్డు ఒకటి చేరుతుంది. అక్కడ అసలు కేబుల్ పీకేసినా జవాబు మారదు. వెబ్ పేజీలను డెస్క్‌టాప్ అప్లికేషన్‌గా కట్టే ఎలక్ట్రాన్‌లోని ఈజ్‌ఆన్‌లైన్ పద్ధతిదీ ఇదే స్వభావం. గేమ్ ఇంజిన్ యూనిటీలోని ఇంటర్నెట్‌రీచబిలిటీ విలువను అసలు కనెక్షన్ తేల్చడానికి వాడొద్దని ఆ సంస్థ పత్రాలే చెబుతున్నాయి. అది మొబైల్ డేటానా, వైఫైనా అన్నది తెలుసుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

విండోస్ విస్టా నుంచి మైక్రోసాఫ్ట్ ఒక మెట్టు ముందుకు వేసింది. సిస్టమే తన సొంత సర్వర్‌కు చిన్న విన్నపం పంపి చూస్తుంది. విస్టా నుంచి 8.1 వరకు ఎన్‌సీఎస్‌ఐ.టీఎక్స్‌టీ అనే ఫైలు తెచ్చుకొని, అందులో "మైక్రోసాఫ్ట్ ఎన్‌సీఎస్‌ఐ" అన్న అక్షరాలు ఉన్నాయో లేదో చూసేది. విండోస్ 10లో 2016 నాటి 1607 వెర్షన్ నుంచి ఆ ఫైలు కనెక్ట్‌టెస్ట్.టీఎక్స్‌టీ అయింది, మాట "మైక్రోసాఫ్ట్ కనెక్ట్ టెస్ట్"గా మారింది. ఆండ్రాయిడ్ గూగుల్ సర్వర్‌ను అడిగి 204 (విన్నపం అందింది, పంపేదేమీ లేదు) అనే జవాబు కోసం చూస్తుంది. ఫైర్‌ఫాక్స్ "సక్సెస్" అనే ఒక్క మాట కోసం చూస్తుంది. ఇంత పెద్ద సంస్థలన్నీ ఒకే పద్ధతికి రావడం గమనించాలి: కనెక్షన్ స్థితిని అడగడం మానేసి, ఒక పని చేసి చూసి, వచ్చిన జవాబు తాము అనుకున్నదేనా అని పోల్చుతున్నాయి.

విండోస్‌లో ఈ ఫలితాన్ని నెట్‌వర్క్ లిస్ట్ మేనేజర్ ద్వారా తీసుకోవచ్చు. పాత విండోస్ ఫంక్షన్ ఇంటర్నెట్‌గెట్‌కనెక్టెడ్‌స్టేట్ కంటే ఇది ఎంతో మేలు. అయినా ఇది చెప్పేది మైక్రోసాఫ్ట్ సర్వర్ అందిందా లేదా అన్నది మాత్రమే. కాలేజీ ప్రాక్సీ (నెట్ విన్నపాలన్నీ దాటి వెళ్లే మధ్య సర్వర్) ఆ చిరునామాను ఆపేస్తే, బయటి సైట్లన్నీ తెరుచుకుంటున్నా టాస్క్‌బార్‌లో "నో ఇంటర్నెట్" అని ఉంటుంది. దీనికి తలకిందులుగా, మైక్రోసాఫ్ట్ సర్వర్ అందుతూ మన సర్వర్ పడిపోయి ఉండవచ్చు. కాబట్టి సిస్టమ్ జవాబును రెండే పనులకు వాడుకోవాలి: ఏ నెట్‌వర్కూ తగలలేదని అది అంటే ఊరికే ప్రయత్నించకుండా ఆగడానికి, అది మారినప్పుడు వచ్చే సంకేతం విని మన పరీక్షను వెంటనే ఒకసారి నడపడానికి.

గూగుల్ డీఎన్‌ఎస్ సర్వర్ 8.8.8.8కు పింగ్ ("ఉన్నావా" అని అడిగే చిన్న సందేశం) కొట్టి చూడడం ఇంకో అలవాటు. చాలా నెట్‌వర్క్‌లు పింగ్‌ను ఆపేస్తాయి. పైగా అంకెల చిరునామాకు డీఎన్‌ఎస్ అక్కర్లేదు కాబట్టి, డీఎన్‌ఎస్ చచ్చిపోయి ఒక్క సైటూ తెరుచుకోనప్పుడు కూడా ఆ పింగ్ హాయిగా తిరిగి వస్తుంది. సర్వీసు మనిషి చేతిలో అది మంచి పనిముట్టు. సాఫ్ట్‌వేర్ నిర్ణయాలకు ఆధారం కాదు.

సీడీల కాలం నుంచి మిగిలిన పాఠాలు

పాత ప్యాకేజీలను బాగుచేసే పని ఇంకా అక్కడక్కడా తగులుతూనే ఉంటుంది కాబట్టి ఇది కొంచెం చెప్పుకోవాలి. సీడీ ప్యాకేజీలు తయారుచేసే డైరెక్టర్ అనే సాఫ్ట్‌వేర్‌లో నెట్ పరీక్షకు గెట్‌నెట్‌టెక్స్ట్ అనే ఆదేశం వాడేవారు. అది పని మొదలుపెట్టి వెంటనే తిరిగి వస్తుంది, ఫలితం తర్వాత వస్తుంది. నెట్‌డన్ అడిగి, అయిందన్నాక నెట్‌ఎర్రర్ చూసి, అది "ఓకే" అంటేనే నెట్‌టెక్స్ట్‌రిజల్ట్ చదవాలి. ఎక్కువమంది చేసిన తప్పు, రిపీట్ లూప్‌లో కూర్చుని నెట్‌డన్‌ను అడుగుతూ ఉండడం. ఆ లూప్ తిరుగుతున్నంతసేపూ డైరెక్టర్ మిగతా పనులకు సందు ఇవ్వదు. అందుకే డౌన్‌లోడ్ ముందుకు సాగదు, లూప్ ముగియదు, తెర బిగుసుకుపోతుంది. ఎగ్జిట్‌ఫ్రేమ్‌లో, అంటే ఫ్రేమ్ ముగిసిన ప్రతిసారీ నడిచే కోడ్‌లో, ఒక్కొక్కసారి అడిగి అదే ఫ్రేమ్‌కు తిరిగి రావడమే సరైన దారి. రెండో తప్పు, ప్రొజెక్టర్ (డైరెక్టర్ ఇచ్చే, దానంతట అదే నడిచే ప్రోగ్రామ్ ఫైలు) కట్టేటప్పుడు నెట్ ఎక్స్‌ట్రాలు అనే అదనపు భాగాలను అందులో కలపకపోవడం. అప్పుడు తయారుచేసినవారి కంప్యూటర్‌లో అంతా పనిచేస్తుంది, ఇంకెక్కడా పనిచేయదు.

డయల్అప్ రోజుల్లో మరో చిక్కు ఉండేది. ప్యాకేజీ నెట్ ఉందో లేదో చూద్దామని ఒక విన్నపం పంపితే చాలు, విండోస్ ఫోన్ కలపమంటావా అని పెట్టె తెరిచేది. పాఠం మధ్యలో అది ఊడిపడితే పిల్లలు బెదిరిపోయేవారు. పాత ఇంటర్నెట్‌గెట్‌కనెక్టెడ్‌స్టేట్‌ను ముందు అడగడం అలవాటైంది దాన్ని తప్పించడానికే. ఆ కారణం పోయి ఏళ్లయినా ఆ అలవాటు మాత్రం కొత్త ప్యాకేజీల్లో కొనసాగుతోంది.

యానిమేషన్ పాఠాలకు అప్పట్లో వాడిన ఫ్లాష్‌లో 8వ వెర్షన్ నుంచి భద్రత పేరుతో ఒక గోడ లేచింది. డిస్క్ మీది ఎస్‌డబ్ల్యూఎఫ్ (ఫ్లాష్) ఫైలు మామూలుగా అయితే స్థానిక ఫైళ్లనైనా చదవాలి, నెట్‌కైనా వెళ్లాలి, రెండూ కుదరవు. నెట్ ఉన్నా పరీక్ష విఫలమైతే కారణం చాలాసార్లు ఇదే. ఫ్లాష్‌కు మద్దతు 2020 డిసెంబర్ 31తో ఆగిపోయింది. 2021 జనవరి 12 నుంచి ప్లేయరే ఫ్లాష్ నడపడం మానేసింది. ఆ పాఠాలను హెచ్‌టీఎంఎల్‌లోకి మార్చినవారికి అదే గోడ వేరే పేరుతో ఎదురైంది. డిస్క్ నుంచి తెరిచిన పేజీ వేరే సర్వర్‌ను అడిగితే, ఆ సర్వర్ సీఓఆర్‌ఎస్ (కార్స్) అనుమతి, అంటే వేరే చోటి పేజీ తన జవాబును చదవవచ్చన్న అనుమతి, ఇవ్వాలి. ఇవ్వకపోతే బ్రౌజర్ జవాబును స్క్రిప్ట్‌కు అందనివ్వదు. స్క్రిప్ట్‌కు కనిపించేది నెట్ లేనప్పుడు కనిపించే తప్పు లాంటిదే, రెండింటికీ తేడా తెలియదు. అందుకని కొందరు ఆ అనుమతి లేకుండానే అడిగే నో-కార్స్ పద్ధతికి మారతారు. అది ఇంకా ప్రమాదం: జవాబులో ఏముందో చదవనివ్వదు కాబట్టి లాగిన్ పేజీ వచ్చినా విజయమే అనుకుంటుంది.

పరీక్ష ఎలా పెట్టాలి

కంటెంట్ ఏ సర్వర్ నుంచి వస్తుందో, పరీక్ష ఫైలు కూడా ఆ సర్వర్ మీదే ఉండాలి. ఫైలులో ఇరవై అక్షరాలకు మించకుండా, ఇంకెక్కడా కనిపించని ఒక మాట పెట్టాలి. ఉదాహరణకు "పెన్నా-7341". సాఫ్ట్‌వేర్ ఆ ఫైలు తెచ్చుకొని మాటను అక్షరం అక్షరం పోల్చుకోవాలి. "అంతా సరే" అని చెప్పే 200 అనే స్థితి సంఖ్య వచ్చిందని తృప్తిపడకూడదు. హోటల్, లాడ్జి, రైల్వే స్టేషన్ వైఫైల్లో ఏ సైటు అడిగినా "మీ ఫోన్ నంబర్ ఇవ్వండి" అనే పేజీ వస్తుంది కదా, అది కూడా తరచూ 200తోనే వస్తుంది. లేని పేరు అడిగినా తన ప్రకటనల పేజీకి మళ్లించే డీఎన్‌ఎస్‌లూ ఉన్నాయి. మాట సరిపోలితేనే సర్వర్ దాకా వెళ్లి వచ్చినట్టు.

జవాబు ఎక్కడో దాచిపెట్టిన పాత కాపీ నుంచి రాకూడదు. విన్నపం చివర ప్రతిసారీ మారే అంకె తగిలించాలి, సర్వర్ వైపు నో-స్టోర్ (కాపీ దాచవద్దు) అని చెప్పించాలి. ప్యాకేజీలో సర్వీస్ వర్కర్ (విన్నపాలను మధ్యలో అందుకొని, దాచిన కాపీ నుంచి జవాబివ్వగల స్క్రిప్ట్) ఉంటే ఈ ఒక్క చిరునామాను దాని చేతికి ఇవ్వకూడదు. ఇస్తే అది తన పెట్టెలోంచే "పెన్నా-7341" తీసి ఇస్తుంది, కేబుల్ పీకినా నెట్ ఉన్నట్టే ఉంటుంది. ఈ తప్పు దొరకడం కష్టం, ఎందుకంటే మొదటి రోజు అంతా బాగానే కనిపిస్తుంది.

సర్వర్ మీద సీఓఆర్‌ఎస్ మార్చే అధికారం లేనివారికి ఒక మంచి ఉపాయం ఉంది. 7 పిక్సెళ్ల వెడల్పు, 3 పిక్సెళ్ల ఎత్తు ఉన్న పీఎన్‌జీ బొమ్మను సర్వర్ మీద పెట్టి, దాన్ని బొమ్మగానే తెప్పించాలి. బొమ్మ వచ్చాక దాని సహజ వెడల్పు, ఎత్తు చదవడానికి అనుమతి అక్కర్లేదు. లాగిన్ పేజీ వస్తే అది బొమ్మగా విప్పుకోదు కాబట్టి తప్పు సంకేతం వస్తుంది. కొలతలు 7, 3 కాకపోతే అది మన సర్వర్ కాదు. వంద బైట్ల లోపు ఫైలుతో పని తీరుతుంది.

ఎంతసేపు ఆగాలి అన్నదే అన్నింటికంటే ఎక్కువ చిక్కు పెట్టే విషయం. బ్రౌజర్‌లో విన్నపం పంపే ఫెచ్‌కు తనంతట తాను పెట్టుకునే గడువు లేదు. గోడో అనే గేమ్ ఇంజిన్‌తో చేసిన యాప్‌లోని హెచ్‌టీటీపీరిక్వెస్ట్‌కు గడువు మొదట 0, అంటే హద్దు లేదు. అడుగున ఉన్న సిస్టమ్ గడువులేమో మనిషి ఓపికకు చాలా దూరం: జవాబివ్వని చిరునామాకు కనెక్షన్ కోసం విండోస్ మామూలుగా 21 సెకన్ల దాకా ప్రయత్నిస్తుంది, లినక్స్ రెండు నిమిషాలు దాటుతుంది. అందుకే గడువు మనమే పెట్టాలి. తొందరపడి 2 సెకన్లు పెడితే ఇంకో తప్పు జరుగుతుంది. సిగ్నల్ బలహీనంగా ఉన్న కొండల మధ్య ఒక మాట వెళ్లి రావడానికి 600 మిల్లీసెకన్లు పట్టిందనుకోండి. డీఎన్‌ఎస్‌కు ఒకసారి, కనెక్షన్ కలిపే టీసీపీకి ఒకసారి, దానికి రహస్య భద్రత కల్పించే టీఎల్‌ఎస్ 1.2కు రెండుసార్లు, అసలు విన్నపానికి ఒకసారి, మొత్తం అయిదుసార్లు వెళ్లి రావాలి. 3 సెకన్లు అక్కడే అయిపోయాయి. నెట్ ఉంది, గడువు తీరింది, సాఫ్ట్‌వేర్ లేదంటుంది. మొదటి ప్రయత్నానికి 6 సెకన్లు, తర్వాతివాటికి 5 సెకన్లు పెడితే ఇలాంటి చోట్ల కూడా సరిపోతుంది.

ఈ 6 సెకన్లూ తెర ఆగకూడదు. పరీక్ష వెనకాల నడవాలి, ముందు మెనూ వచ్చేయాలి. నెట్ తేలేదాకా లోగో చూపిస్తూ కూర్చునే ప్యాకేజీ తన వినియోగదారుడిని గౌరవించనట్టే.

గడియారం చేసే కీడు

పాఠశాల ల్యాబ్‌లలో ఏళ్ల తరబడి నడిచిన కంప్యూటర్లలో మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయి ఉంటుంది. ఆ మూడు వోల్టుల బిళ్ల చచ్చాక, మెయిన్ స్విచ్ ఆపిన ప్రతిసారీ గడియారం ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. ఆ తేదీకి సర్వర్ భద్రతా సర్టిఫికెట్ ఇంకా పుట్టి ఉండదు. ఆ సర్టిఫికెట్ మీద ఆధారపడే హెచ్‌టీటీపీఎస్ విన్నపం ప్రతిదీ విఫలమవుతుంది. కేబుల్, రూటర్, సర్వర్ అన్నీ బాగున్నాయి, సాఫ్ట్‌వేర్ మాత్రం నెట్ లేదంటుంది. టీచర్ నెట్ కంపెనీకి ఫోన్ చేస్తారు, వాళ్లొచ్చి లైను బాగుందని చూపించి వెళ్తారు. బజారులో కొన్ని పదుల రూపాయలకు దొరికే బ్యాటరీతో తీరే సమస్య నెలల తరబడి నడుస్తుంది.

దీన్ని సాఫ్ట్‌వేరే పట్టుకోగలదు. ఎలక్ట్రాన్ లాంటి సొంత అప్లికేషన్ అయితే, హెచ్‌టీటీపీఎస్ విఫలమైనప్పుడు అదే సర్వర్‌ను ఒకసారి మామూలు హెచ్‌టీటీపీతో అడగాలి. జవాబులో డేట్ అనే శీర్షికలో సర్వర్ సమయం ఉంటుంది. కంప్యూటర్ తేదీకి దానికి ఒక రోజు కంటే ఎక్కువ తేడా ఉంటే "ఈ కంప్యూటర్ తేదీ తప్పుగా ఉంది, సరిచేయండి" అని తెలుగులో చెప్పాలి. ఈ దారిలో వచ్చిన దేన్నీ తేదీ పోలికకు మించి వాడకూడదు, మధ్యలో ఎవరైనా మార్చగలరు.

గడియారం సరిగ్గా ఉండి కూడా పాత కంప్యూటర్లు ఓడిపోయే సందర్భాలున్నాయి. ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్లు ఆధారపడిన పాత మూల సర్టిఫికెట్ 2021 సెప్టెంబర్ 30న గడువు తీరిపోయింది. ఆ రోజు నుంచి అప్‌డేట్ లేని పాత యంత్రాలు చాలా సైట్లకు దూరమయ్యాయి. విండోస్ 7లో విన్‌హెచ్‌టీటీపీ అనే సిస్టమ్ భాగం మీద ఆధారపడిన ప్రోగ్రామ్‌లు అప్‌డేట్, సెట్టింగు లేకుండా టీఎల్‌ఎస్ 1.2 మాట్లాడవు. ఇలాంటి యంత్రంలో క్రోమ్ తెరుచుకుంటుంది, పాఠం ప్యాకేజీ మాత్రం నెట్ లేదంటుంది. అన్నింటికీ కలిపి "ఇంటర్నెట్ లేదు" అన్న ఒకే సందేశం చూపిస్తే పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం చదివినట్టే. డీఎన్‌ఎస్ తప్పు, గడువు తీరడం, సర్టిఫికెట్ తప్పు, మాట సరిపోలకపోవడం, ఈ నాలుగింటికీ నాలుగు వేర్వేరు సంకేతాలు లాగ్‌లో ఉండి తీరాలి.

ఉందిగానీ పనికిరాదు

మొబైల్ సిమ్‌తో నడిచే కియోస్క్‌లలో రోజువారీ డేటా కోటా అయిపోయాక ఏం జరుగుతుందో చూడాలి. చాలా ప్లాన్లలో కనెక్షన్ తెగదు, వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. అంటే సెకనుకు 8 కిలోబైట్లు. మన ఇరవై అక్షరాల పరీక్ష ఆ దారిలో కూడా గడువులోపే నెగ్గుతుంది. తర్వాత 20 ఎంబీ వీడియో అడిగితే అది రావడానికి 43 నిమిషాలు పడుతుంది. సాఫ్ట్‌వేర్ చెప్పింది అబద్ధం కాదు, కానీ చూసేవాడికి ఒరిగిందేమీ లేదు.

పెద్ద ఫైలు తెరిచే ముందు మాత్రం 64 కేబీ నమూనా ఒకటి తెచ్చుకొని సమయం కొలవాలి. ఒక సెకనులోపు వస్తే వీడియోకు వెళ్లవచ్చు. నాలుగు సెకన్లు దాటితే బొమ్మలు, అక్షరాలతో సరిపెట్టాలి. ఎనిమిది దగ్గర ఉంటే కోటా అయిపోయిందని దాదాపు చెప్పేయవచ్చు. నమూనా ఫైలు ముందే కుదించిన జేపీజీ లాంటిదై ఉండాలి. అన్నీ సున్నాలతో నింపిన ఫైలు పెడితే దారిలో కుదించుకుపోయి వేగం ఎక్కువ చూపిస్తుంది.

ఆ కోటాను తినేది కొన్నిసార్లు పరీక్షే. కొత్త హెచ్‌టీటీపీఎస్ కనెక్షన్ ఒక్కోదానికి సర్టిఫికెట్లతో కలిపి సుమారు 5 కేబీ అవుతుందనుకుంటే, 5 సెకన్లకు ఒకసారి అడిగే ప్యాకేజీ రోజుకు 17,280 సార్లు అడిగి 84 ఎంబీ ఖర్చు చేస్తుంది. 30 సెకన్లకు ఒకసారి అయితే 14 ఎంబీ. నెట్ బాగున్నప్పుడు అసలు పదే పదే అడగాల్సిన పనే లేదు. మామూలు విన్నపం ఏది నెగ్గినా అదే రుజువు. విఫలమయ్యాకే పరీక్ష మొదలుపెట్టి 15 సెకన్లు, 30, 60, 120 అంటూ 5 నిమిషాల దాకా దూరం పెంచుకుంటూ పోవాలి. ప్రతి విరామానికీ కొంత యాదృచ్ఛికమైన తేడా కలపాలి. ఒక ల్యాబ్‌లో 30 కంప్యూటర్లు కరెంటు రాగానే ఒకేసారి లేస్తాయి, అన్నీ ఒకే క్షణంలో ఒకే సన్నటి లైను మీద సర్వర్‌ను అడుగుతాయి. ఆ తొక్కిసలాటలో అందరికీ గడువు తీరిపోతుంది, అందరూ మళ్లీ కలిసే అడుగుతారు.

ఒక్క వైఫల్యానికే బటన్లు మాయం చేసి, ఒక్క విజయానికే తిరిగి తెచ్చే తెర రెపరెపలాడే దీపంలా ఉంటుంది. వరుసగా రెండు వైఫల్యాలు వస్తే లేదనుకోవాలి, వరుసగా రెండు విజయాలు వస్తే ఉందనుకోవాలి.

చూసేవారికి ఏం కనపడాలి

ఇక్కడ రెండు రకాల పొరపాట్లున్నాయి: నెట్ ఉన్నా లేదనుకోవడం, లేకపోయినా ఉందనుకోవడం. బ్యాంకు లావాదేవీకి వేరే లెక్క ఉండవచ్చు. కియోస్క్‌కూ, పాఠానికీ రెండోదే ఎక్కువ నష్టం. మొదటి పొరపాటులో ఒక వాతావరణం కార్డు కనిపించదు, అంతే. రెండోదానిలో తెర తెల్లబోయి మనిషి వెళ్లిపోతాడు. అందుకే అనుమానం ఉన్నప్పుడు లేదనే అనుకోవాలి.

డిస్క్‌లో ఉన్నదాన్నే అసలు ప్యాకేజీగా కట్టి, నెట్ నుంచి వచ్చేదాన్ని పైన చల్లే పోపులా చూడాలి. వాతావరణమైనా, మైలవరం జలాశయం నీటి సమాచారమైనా చివరగా వచ్చినదాన్ని దాచిపెట్టుకొని "నిన్న సాయంత్రం 4 గంటలకు" అని సమయంతో సహా చూపించాలి. పాత సమాచారాన్ని సమయం చెప్పకుండా చూపించడం మాత్రం మోసమే. రెండు రోజులు దాటితే కార్డునే తీసేయాలి. నెట్ లేదన్న సంగతి పర్యాటకుడికి ఎర్ర పెట్టెలో చెప్పి లాభం లేదు, అతను ఏమీ చేయలేడు. అది తెలియాల్సింది నిర్వహణ మనిషికి. మూలన చిన్న చుక్క, దాన్ని అయిదు సెకన్లు నొక్కిపట్టుకుంటే తెరుచుకునే వివరాల పేజీ చాలు.

కొత్త వీడియోలు రాత్రి పూట దించుకోవాలి. సగంలో తెగితే మళ్లీ మొదటి నుంచి కాకుండా ఆగినచోటు నుంచే అడగాలి. పూర్తయ్యేదాకా వేరే పేరుతో ఉంచి, ఎస్‌హెచ్‌ఏ-256 (ఫైలు పూర్తిగా, మారకుండా వచ్చిందో తేల్చే గుర్తు) సరిపోయాకే అసలు పేరుకు మార్చాలి. లేకపోతే సగం దిగిన వీడియో పాతదాని స్థానంలో కూర్చుని, రెండూ లేకుండా పోతాయి.

పంపాల్సిన సమాచారం ఉంటే, ఉదాహరణకు పిల్లల క్విజ్ మార్కులు, ముందు ఎస్‌క్యూలైట్ అనే, ఆ కంప్యూటర్‌లోనే ఉండే చిన్న డేటాబేస్‌లో రాసేసి తర్వాత పంపాలి. నెట్ ఉందా అని చూసి, ఉందంటే నేరుగా పంపడం సరిపోదు. పరీక్ష నెగ్గిన మరుక్షణమే కరెంటు పోవచ్చు. మరీ గడ్డు సందర్భం ఏమిటంటే, మార్కులు సర్వర్‌కు చేరి, "అందింది" అన్న జవాబు దారిలో పోవడం. కంప్యూటర్ విఫలమైందనుకొని మళ్లీ పంపుతుంది, ఒకే విద్యార్థికి రెండు వరుసలు పడతాయి. ప్రతి వరుసకూ పుట్టినప్పుడే ఒక ప్రత్యేక సంఖ్య ఇచ్చి, అదే సంఖ్య రెండోసారి వస్తే సర్వర్ కొత్త వరుస రాయకుండా "అందింది" అని మాత్రమే చెప్పేలా చేస్తే ఈ బెడద పోతుంది.

చేతికి ఇచ్చే ముందు

బ్రౌజర్‌లోని డెవలపర్ పనిముట్లలో ఆఫ్‌లైన్ అని టిక్కు పెట్టి పరీక్షించామనుకోవడం చాలదు. అది నావిగేటర్.ఆన్‌లైన్‌ను కూడా "లేదు" అనిపిస్తుంది, అంటే నిజాయితీగా లేదని చెప్పే తేలిక సందర్భాన్నే పరీక్షిస్తుంది. కావాల్సింది అబద్ధం చెప్పే సందర్భం. ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి మొబైల్ డేటా ఆపేయండి: వైఫై నిండుగా, నెట్ శూన్యంగా, కరెంటు వచ్చాక గండికోట కియోస్క్‌కు కనిపించే పరిస్థితి అచ్చంగా ఇదే. సైటు పేర్లకు చిరునామాలు మనమే రాసిపెట్టుకోగల హోస్ట్స్ ఫైలులో సర్వర్ పేరును 127.0.0.1కు, అంటే ఆ కంప్యూటర్‌కే, తిప్పితే, అక్కడ ఏ సర్వరూ నడవనప్పుడు, వెంటనే తిరస్కారం వస్తుంది. 192.0.2.1కు తిప్పితే జవాబే రాదు, గడువు సరిగ్గా పనిచేస్తోందో లేదో అప్పుడు తెలుస్తుంది. ఉదాహరణల కోసం కేటాయించిన ఆ చిరునామా వెనక ఎవరూ ఉండరు. కంప్యూటర్ తేదీని 2010కి మార్చి చూడండి. వేగాన్ని 64 కేబీపీఎస్‌కు కట్టేసి వీడియో నొక్కి చూడండి. ఫైబర్ పెట్టెను ఆపి, ప్యాకేజీని మొదటి నుంచి తెరవండి. మెనూ రావడానికి మూడు సెకన్లు దాటితే ఎక్కడో ఒక విన్నపం తెరను పట్టుకొని వేలాడుతోంది.

ఈ ప్రతి పరీక్షకూ లాగ్‌లో ఒక వరుస పడాలి: సమయం, సిస్టమ్ ఏం చెప్పింది, మన పరీక్ష ఏం తేల్చింది, ఎన్ని మిల్లీసెకన్లు పట్టింది, తప్పు ఏ రకం, ఆ క్షణంలో ఐపీ చిరునామా ఏమిటి. జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లు బండి మీద వచ్చిన మనిషి ఆ వరుసలు చదివి, సిమ్ రీఛార్జ్ చేయించాలా, రూటర్ మార్చాలా, బ్యాటరీ వేయాలా అన్నది పెట్టె మూత విప్పకముందే తేల్చుకోగలగాలి.